ఎర్రసిరాతో ఒక్క గీత

గాజువాక

బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

నెలాఖరుకి క్లయింటు గంటల లెక్క అడిగితే వాట్సాప్ మెసేజీలు తిరగేసి కట్టుకుంటున్నానన్నావు. దానికోసం ఒక కమాండ్ లైన్ టూలు, అంటే కీబోర్డు మీద మాట కొట్టి నడిపే చిన్న ప్రోగ్రాం, రాస్తున్నానని నువ్వు పంపిన ముక్క చూశాను. మొదలుపెట్టగానే తెరమీద సెకన్లు గిర్రున తిరుగుతున్నాయి. ముచ్చటగానే ఉంది గానీ, ల్యాప్‌టాప్ మూతేసి అన్నానికి లేచావనుకో, అదీ నీతోపాటే కునుకు తీస్తుంది. కరెంటు పోయి బ్యాటరీ కూడా అయిపోతే అప్పటిదాకా లెక్కపెట్టినదంతా గోవిందా.

నేను ఫ్యాక్టరీ టైమాఫీసులో మస్టర్లతో, అదే హాజరు పట్టీలతో, బతికినవాణ్ణి కదా. మేమెప్పుడైనా కార్మికుడి వెనకాల వాచీ పట్టుకు తిరిగామా? గేటు లోపలికొచ్చిన టైము, బయటికెళ్ళిన టైము రాసుకున్నాం, అంతే. నీ టూలూ అంతే చెయ్యాలి. కమాండు కొట్టగానే ఫైలు చివర ఒక్క లైను చేర్చి, తన దారిన తను పోవాలి. ఇలా:

2025-06-12 22:04 +05:30 మొదలు బిల్లింగ్
2025-06-13 01:40 +05:30 ఆపు

మూడు గంటల ముప్పై ఆరు నిమిషాలని ఇందులో ఎక్కడా లేదు చూశావా? రాయకూడదు కూడా. రిపోర్టు అడిగినప్పుడల్లా కూడుకోవాలి. మొత్తం కూడా రాసిపెట్టుకుంటే, ఎప్పుడో ఒక టైము దిద్ది, మొత్తం దిద్దడం మర్చిపోతావు. తర్వాత ఏది నమ్మాలో నీకే తెలీదు.

తారీఖు తప్పనిసరి. ఇది నేను తిన్న దెబ్బ. మా సి షిఫ్టు రాత్రి పదికి ఎక్కి పొద్దున్న ఆరుకి దిగేది. నేను కంప్యూటర్లో రాసిన మొదటి ప్రోగ్రాం, తారీఖు చూడకుండా ఆరులోంచి ఇరవై రెండు తీసేసి, షిఫ్టులో ప్రతివాడికీ మైనస్ పదహారు గంటలు వేసింది. మర్నాడు నా బల్ల చుట్టూ జనమే. ‘ఏటి బాబూ, కంపెనీకి మేమే బాకీ పడ్డామా?’ అని ఒకాయన నవ్వుతూనే అడిగాడు గానీ, నాకు ముచ్చెమటలు పట్టాయి.

ఆ +05:30 అంటే మన టైము గ్రీన్‌విచ్ టైము కన్నా ఐదున్నర గంటలు ముందని. అదీ ఊరికే పెట్టలేదు. మన గడియారం ఏడాదంతా ఒక్కలాగే ఉంటుంది. నీ క్లయింటున్న న్యూయార్కులో మార్చి రెండో ఆదివారం గంట ముందుకీ, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కీ జరుపుతారు. వాళ్ళ పొద్దున్న తొమ్మిదిన్నర మీటింగు ఎండాకాలంలో మనకి రాత్రి ఏడింటికి, చలికాలంలో ఎనిమిదింటికి. ఫైల్లో మన టైమే ఉండనీ. రిపోర్టు వాళ్ళ వారం ప్రకారం కావాలంటే పైథాన్‌లో ఏ ఊరి టైముకైనా మార్చిపెట్టే జోన్‌ఇన్ఫో ఉంది, 3.9 నుంచి దాంతోపాటే వస్తుంది. విండోస్ అయితే టీజెడ్‌డేటా ప్యాకేజీ వేసుకో.

డబ్బు దగ్గర ఇంకో గుంట. ఏడు గంటల యాభై నిమిషాలని 7.50 అని వేసేవాళ్ళని ఎంతమందిని చూశానో! గంటకి 600 అనుకో, నీకు రావలసింది 4,700, ఆ లెక్కన వచ్చేది 4,500. లోపల అంతా నిమిషాల్లోనే కూడు. అచ్చు వేసేటప్పుడు గంటలు చెయ్యి.

ఇక అసలు సంగతి. నువ్వు ‘ఆపు’ కొట్టడం మర్చిపోతావు. అందరూ మర్చిపోతారు. కాబట్టి టైము చెప్పి ఆపే వీలుండాలి, ‘ఆపు 18:30’ అన్నట్టు. ఆపకుండా మళ్ళీ ‘మొదలు’ కొడితే టూలు తనంతట తను ఊహించి పూడ్చకూడదు, నిన్ను అడగాలి. రాసేసిన లైను తప్పని తర్వాత తేలితే? మా మస్టర్లో వైట్‌నర్ పూశామంటే ఆడిటరు ముందు దాన్నే గోకి చూసేవాడు. ఎర్రసిరాతో ఒక్క గీత కొట్టి, పాత అంకె కనబడుతూనే ఉండగా, పైన సరైన టైమూ పక్కన పొడి సంతకమూ పెట్టేవాళ్ళం. నువ్వూ పాత లైను ముట్టుకోకు. కింద ‘సవరణ’ అని కొత్త లైను చేర్చు, ఎందుకో ఒక్క మాట రాయి. లెక్క కట్టేటప్పుడు సవరణ గెలవాలి.

డేటాబేసు పెట్టమంటారు ఎవరో ఒకరు. వద్దు. రోజుకి నాలుగు లైన్లు, ఏడాదికి మూడొందల రోజులు, 1,200 లైన్లు. మామూలు టెక్స్టు ఫైలు ఫోన్లోనైనా తెరుచుకుంటుంది. కాపీ మాత్రం ఇంకోచోట ఉంచు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టాక ఈ ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేకపోవడం నీకూ గుర్తుండే ఉంటుంది.

రంగులూ హంగులూ తర్వాత. కమాండుకి ‘పని’ అని పేరు పెట్టు, ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగే కదా.

ఈ వారం మాత్రం ప్రోగ్రాం జోలికి పోకు. ఆ లైన్లు చేత్తోనే కొట్టు. ఎన్నిసార్లు మర్చిపోయావో, ఎక్కడెక్కడ గీత కొట్టాల్సొచ్చిందో చూస్తే ఏ కమాండ్లు కావాలో తేలుతుంది. ఆదివారం ఆ ఫైలు పట్టుకురా. అత్తయ్య పనసపొట్టు ఆవపెట్టి వండుతానంది.

మామయ్య