పట్టికలో లేనివాళ్ళ గురించి అడుగు

అమ్మలూ,

నీకు గుండె విభాగంలో క్వాలిటీ అనలిస్ట్ ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "నీడపట్టున కూర్చుని చేసే కంప్యూటర్ పనే అక్కా, నైట్ డ్యూటీలు కూడా ఉండవు" అని మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను. మన ఇంట్లో నా తర్వాత ఆసుపత్రి గడప తొక్కి పనిచేసేది నువ్వే కదా. కానీ ఫోన్ పెట్టేశాక టెన్షన్ పట్టుకుంది. నర్సుగా చేరి, సర్వీసులో రెండో సగమంతా గుండె ఆపరేషన్ల ఫలితాల లెక్కలు చూసినదాన్ని. మీ అమ్మ అనుకున్నంత తేలిక పని కాదది. అందుకే ఈ ఉత్తరం.

తేలిక విషయాలు ముందే చెప్పేస్తాను. రిజిస్ట్రీ డేటా డిక్షనరీని, అంటే ఏ గడిలో ఏం రాయాలో, దేన్ని ఏమంటారో చెప్పే పుస్తకాన్ని, మొదటి వారంలోనే మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువు. గుండె రక్తనాళాల్లోకి సన్నటి గొట్టం పంపి అడ్డం తెరిచే క్యాత్ ల్యాబ్‌లో ఒక పగలు, ఐసియులో ఒక రాత్రి నిలబడి చూడు. ఫార్ములా మార్చిన ప్రతిసారీ తేదీ వేసి, ఎందుకు మార్చావో ఒక వాక్యం రాసి పెట్టు. మిగతా కంప్యూటర్ విద్యంతా నాకంటే నీకే బాగా తెలుసు.

నీ మీద నాకో పాత ఫిర్యాదు ఉంది. చిన్నప్పుడు లెక్క చేసి, జవాబు పుస్తకం చివర ఉన్నదానితో కలిస్తే చాలు, పుస్తకం మూసేసేదానివి. మధ్యలో రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని జవాబు సరిగ్గా వచ్చినా నీకు పట్టేది కాదు. ఎన్నిసార్లు కేకలేశానో నీకు గుర్తుండే ఉంటుంది. ఈ ఉద్యోగంలో ఆ అలవాటు పనికిరాదు. మరణాల రేటు ఎక్కువ వస్తే పదిమంది వచ్చి నీ లెక్కను తవ్వుతారు. తక్కువ వస్తే ఎవరూ రెండోసారి చూడరు, స్వీట్లు పంచుకుని వెళ్ళిపోతారు. ఆ మంచి నంబరును తవ్వాల్సింది నువ్వే.

ఎందుకంటున్నానో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదువు. నేను వార్డు వదిలి క్వాలిటీ విభాగానికి వచ్చిన కొత్తలో, మా ఆసుపత్రిలో బైపాస్ అయిన ప్రతి పేషెంటుకీ 30 రోజులకి ఫోన్ చేసే పద్ధతి ఉండేది. మనిషి ఎలా ఉన్నారు, మళ్ళీ ఎక్కడైనా చేరారా అని అడిగి, షీటులో ఒక గడిలో "ఉన్నారు" అనో "లేరు" అనో రాయాలి. ఫోన్ ఎత్తకపోతే గడి ఖాళీగా ఉండిపోయేది. ఆ షీటు తయారుచేసిన సీనియర్ చాలా మంచి మనిషి, పని తెలిసినవాడు. ఆయన ఫార్ములా "లేరు" అన్న గడులను లెక్కపెట్టి, మొత్తం ఆపరేషన్లతో భాగించేది. చూడ్డానికి ఎంత సహజంగా ఉందో చూడు. కానీ దానర్థం ఏమిటి? ఖాళీ గడి ఉన్న ప్రతి మనిషీ బతికి ఉన్నవాళ్ళ ఖాతాలో పడిపోయారు.

ఒకరోజు ఒక పెద్దాయన తన భార్య కేస్ షీట్ నకలు కోసం వచ్చాడు. ఇన్సూరెన్స్ వాళ్ళు అడిగారట. డిశ్చార్జి అయి ఇంటికెళ్ళిన రెండో వారంలో ఆవిడ పోయిందని చెప్పాడు. రికార్డు తీసి చూస్తే గడి ఖాళీ. మా నెలవారీ రిపోర్టులో ఆవిడ బతికే ఉంది.

ఆ తర్వాత కూర్చుని ఖాళీ గడులన్నింటికీ మళ్ళీ ఫోన్లు చేశాం. కొన్ని నంబర్లు పనిచేయలేదు. కొన్ని ఇళ్ళలో ఎవరో ఎత్తి "ఇప్పుడు అడుగుతున్నారా" అన్నారు. ఆ మాటకి జవాబు చెప్పలేక ఫోన్ పట్టుకుని అలాగే ఉండిపోయిన సందర్భాలున్నాయి. అప్పుడు అర్థమైంది, ఆ ఖాళీలు ఏదో చెదురుమదురుగా వచ్చినవి కావని. ఒళ్ళు కుదుటపడ్డ మనిషి మొదటి రింగుకే ఎత్తి, మెట్లెక్కొచ్చా, పనికి వెళ్ళొచ్చా అని ఎదురు ప్రశ్నలేస్తాడు. ఫోన్ ఎత్తనిది ఎక్కువగా మంచాన పడ్డవాళ్ళు, ఇంకో ఆసుపత్రిలో చేరినవాళ్ళు, తోడెవరూ లేని ముసలివాళ్ళు, ఇక లేనివాళ్ళు. మనం లెక్కపెట్టాల్సినవాళ్ళే మన లెక్కలోంచి జారిపోయారు.

సరిచేసిన మరణాల రేటు అంతకుముందు మేం బోర్డు మీద రాసుకున్నంత అందంగా రాలేదు. సర్జన్ మండిపడతాడని అందరం భయపడ్డాం. ఆయన అరవలేదు. పేర్ల జాబితా అడిగి తీసుకుని, ఒక్కొక్క కేస్ షీటూ చదివాడు, ఇళ్ళవాళ్ళతో మాట్లాడాడు. పోయినవాళ్ళలో చాలామందికి ఇంటికెళ్ళిన మొదటి వారంలోనే ఆయాసమో కాళ్ళ వాపో మొదలైందని, ఎవరిని అడగాలో తెలియక ఆగిపోయారని బయటపడింది. డిశ్చార్జి అయిన వారంలోపే చెకప్‌కి పిలిచే పద్ధతి అప్పుడు మొదలైంది. ఆ గడులు ఖాళీగా ఉన్నాయని ఎవరైనా ముందే అడిగి ఉంటే ఆ పద్ధతి కూడా ముందే వచ్చేది. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే.

అందుకని నువ్వు "తెలియదు" అన్నదానికి విడిగా ఒక వరస పెట్టు. అది మరణమూ కాదు, ప్రాణమూ కాదు. రేటు పక్కనే ఎంతమంది సంగతి తెలియదో రాయి. ఆ తెలియనివాళ్ళంతా బతికే ఉన్నారనుకుంటే రేటెంత, అంతా పోయారనుకుంటే ఎంత, రెండూ వేసి చూడు. ఆ రెండిటి మధ్య దూరం ఎక్కువగా ఉంటే నీ దగ్గర ఇంకా రిపోర్టు లేదన్నమాట, చేయాల్సిన ఫోన్లు ఉన్నాయి. ఆసుపత్రిలో పోయినవాళ్ళని మాత్రమే లెక్కపెడుతున్నారా, 30 రోజుల్లోపు ఎక్కడ పోయినా లెక్కపెడుతున్నారా అన్నది కూడా మొదట్లోనే తేల్చుకో. పరిస్థితి చేయి దాటాక వేరేచోటికి పంపించేసినవాళ్ళు మొదటి లెక్కలో కనపడరు.

అసలు ఆపరేషన్ టేబుల్ దాకా రానివాళ్ళు ఇంకోరకం. న్యూయార్క్ రాష్ట్రం 1989 నుంచి బైపాస్ వివరాలు సేకరించి, ఆసుపత్రుల వారీగా, తర్వాత సర్జన్ల వారీగా బయటపెట్టింది. పేషెంట్ల రిస్కును లెక్కలోకి తీసుకుని సరిచేసిన మరణాల రేటు 1989లో 4.17 శాతం ఉన్నది 1992కి 2.45 శాతానికి దిగింది. గొప్ప విషయమే, నేను కాదనను. కానీ పెన్సిల్వేనియాలో కూడా అలాంటి రిపోర్టులు వచ్చాక డాక్టర్లని సర్వే చేసి 1996లో ప్రచురించారు. బాగా జబ్బుపడినవాళ్ళకి ఆపరేషన్ చేయడానికి ఇప్పుడు వెనకాడుతున్నామని 63 శాతం సర్జన్లు ఒప్పుకున్నారు. అలాంటి పేషెంట్లకి సర్జన్ దొరకడం కష్టమైందని 59 శాతం కార్డియాలజిస్టులు చెప్పారు. వద్దని వెనక్కి పంపిన మనిషి ఇంట్లో పోతే ఏ సర్జన్ రేటూ పెరగదు. అందుకే డాక్టర్లంతా కూర్చుని కేసులు చర్చించే కాన్ఫరెన్సులో ఎవరెవరికి ఆపరేషన్ వద్దన్నారో, ఎందుకన్నారో, తర్వాత వాళ్ళేమయ్యారో రాసి ఉంచే పుస్తకం ఉందా అని అడుగు. లేకపోతే మొదలుపెట్టించు. కొత్తగా వచ్చినదాన్ని, ఎలా అడగను అనకు. కొత్తవాళ్ళు అడిగితేనే ఎవరికీ తప్పుగా తోచదు.

రిస్కు లెక్క అన్నాను కదా, అందులోనూ జాగ్రత్త. గుండె ఆపరేషన్‌లో పేషెంటు పోయే అవకాశం ఎంతో అంచనా వేసే యూరోస్కోర్ మొదటిది 1999లో వచ్చింది, దానికి ఆధారమైన కేసులు 1995వి. శస్త్రచికిత్స మెరుగవుతూ వచ్చేసరికి అది చెప్పే మరణాల అంచనా నిజం కంటే చాలా ఎక్కువైపోయింది. దానితో పోల్చుకుంటే ప్రతి ఆసుపత్రీ గొప్పదే. అందుకే 2012లో యూరోస్కోర్ 2 తెచ్చారు. మీవాళ్ళు ఏది వాడుతున్నారో చూడు. ఎజెక్షన్ ఫ్రాక్షన్ (గుండె ఎంత బాగా రక్తం పంపుతోందో చెప్పేది), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది) లాంటివి రాయని చోట సాఫ్ట్‌వేర్ ఏం ఊహించుకుంటోందో కూడా చూడు. చాలాచోట్ల ఖాళీ అంటే నార్మల్ అనుకుంటుంది. మళ్ళీ అదే ఖాళీ గడి, గమనించావా?

ఇక గుండెపోటు కేసుల్లో డోర్ టు బెలూన్ టైమ్. పేషెంటు ఆసుపత్రి గుమ్మంలోకి వచ్చినప్పటి నుంచి మూసుకున్న రక్తనాళం తెరిచేదాకా 90 నిమిషాల్లోపు ఉండాలన్నది నువ్వు మొదటి రోజే వినే మాట. నువ్వు మొదట చేయాల్సింది ఎమర్జెన్సీ గోడ గడియారం, ఈసీజీ మెషీన్, క్యాత్ ల్యాబ్ కంప్యూటర్ మూడూ ఒకే టైమ్ చూపిస్తున్నాయా అని స్వయంగా వెళ్ళి చూడటం. వాటి మధ్య ఏడెనిమిది నిమిషాల తేడా ఉంటే నీ సగటుకి అర్థం లేదు. తర్వాత ఇంకో సంగతి. అమెరికాలో ఈ టైమ్ 2005-06లో 83 నిమిషాలు ఉండేది, 2008-09కి 67కి తగ్గింది. ఆసుపత్రిలో మరణాలు మాత్రం 4.8 శాతం నుంచి 4.7కి, అంటే దాదాపు ఉన్నచోటే ఉన్నాయి. గుమ్మం దాటాక జరిగే ఆలస్యాన్నే మనం కొలుస్తున్నాం. ఛాతీ నొప్పిని గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చున్న నాలుగు గంటలు ఏ గడియారంలోనూ పడవు. గుండె కండరానికి మాత్రం ఆ గంటలూ లెక్కే. నొప్పి ఎప్పుడు మొదలైందో కూడా రాయించు, సుమారుగా అయినా సరే.

గుండె వైఫల్యం పేషెంట్లు మళ్ళీ చేరడం మీద కూడా రిపోర్టు నీ నెత్తినే పడుతుంది. అక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. ఇంటికెళ్ళి చనిపోయిన మనిషి మళ్ళీ చేరడు. అమెరికాలో 2012 నుంచి 30 రోజుల్లో మళ్ళీ చేరే కేసులు ఎక్కువున్న ఆసుపత్రులకి చెల్లింపులు తగ్గిస్తున్నారు. చేరికలు తగ్గాయి, కానీ గుండె వైఫల్యం పేషెంట్ల మరణాలు పెరిగాయా అని పరిశోధకులు గట్టిగా వాదించుకున్నారు. ఆ వాదన సంగతి ఎలా ఉన్నా, ఈ రెండు రేట్లూ ఎప్పుడూ ఒకే పేజీలో పక్కపక్కన ఉండేట్టు చూడు.

చిన్న సంఖ్యలతో ఎవరినీ పొగడకు, ఎవరినీ బలి చేయకు. 50 ఆపరేషన్లలో ఒక్క మరణమూ లేకపోయినా, అసలు రిస్కు 6 శాతం దాకా ఉండొచ్చని గణితం చెబుతుంది. మూడుని కేసుల సంఖ్యతో భాగిస్తే వచ్చేది అదే. ఇద్దరు సర్జన్ల మధ్య ఒక్క మరణం తేడాతో ఎవరైనా ర్యాంకులు వేయమంటే, వేయనని మర్యాదగా చెప్పు, కారణం చూపించు.

ఇప్పుడు నా అసలు భయం. బ్రిస్టల్ పేరు విన్నావా? ఇంగ్లాండ్‌లో, ఆ ఊరి ఆసుపత్రిలో చిన్నపిల్లల గుండె ఆపరేషన్లలో ఎక్కువమంది పోతున్నారని స్టీఫెన్ బోల్సిన్ అనే మత్తు డాక్టరు గమనించాడు. లెక్కలు సొంతంగా పోగుచేశాడు, పైవాళ్ళకి చెప్పాడు. ఏళ్ళ తరబడి ఎవరూ సరిగ్గా పట్టించుకోలేదు. ఆయన చివరికి దేశం విడిచి ఆస్ట్రేలియా వెళ్ళాడు. 2001లో విచారణ నివేదిక వచ్చింది. 1991 నుంచి 1995 మధ్య, ఏడాది లోపు పిల్లలు మామూలుగా ఊహించదగ్గ దానికంటే 30 నుంచి 35 మంది ఎక్కువ చనిపోయారని తేల్చింది. లెక్కలు అప్పటికే ఉన్నాయి అమ్మలూ. చూసినవాళ్ళూ ఉన్నారు.

నువ్వు నెమ్మదస్తురాలివి. ఎవరైనా గట్టిగా మాట్లాడితే నీ మాట గొంతులోనే ఆగిపోతుంది, నాకు తెలుసు. ఒకరోజు ఎవరో పెద్ద హోదాలో ఉన్నాయన వచ్చి, ఈ రెండు కేసులు వేరే జబ్బు కింద వేసెయ్యమ్మా అంటాడు. కోపంగా అనడు, ప్రేమగానే అంటాడు. అప్పుడు నువ్వు ఎదురు వాదించనక్కర్లేదు. "సర్, నిర్వచనంలో అలా లేదు, మార్చాలంటే కమిటీలో రాసివ్వండి" అను. నీ గొంతు వణికినా ఫర్వాలేదు. ఆ మాట అన్నాక నా దగ్గరకి వచ్చెయ్, నేనున్నాను. ఉద్యోగం పోయినా మన ఇంట్లో నిన్ను ఎవరూ పల్లెత్తు మాట అనరు. మీ అమ్మకి నేను చెప్తాను.

ఇంకోటి. చనిపోయినవాళ్ళ కేస్ షీట్లు సాయంత్రం పూట చదవకు. పొద్దున్నే, మెదడు తేటగా ఉన్నప్పుడు చదువు, పక్కన ఎవరైనా ఉండేట్టు చూసుకో. పసిపిల్లల కేసులైతే మరీను. రెండు చదివాక లేచి వార్డులోకి వెళ్ళు. నడక మొదలుపెట్టిన పేషెంట్లు కారిడార్లో కనిపిస్తారు, వాళ్ళతో రెండు మాటలు మాట్లాడి రా. నేను అలా చేయకపోతే అన్నేళ్ళు ఆ పనిలో నిలబడేదాన్ని కాదు. ఏడుపు వస్తే ఏడువు, అది పనికి అడ్డం కాదు.

మొదటి రిపోర్టు పంపేముందు నాకు ఫోన్ చెయ్యి. పేషెంట్ల వివరాలేవీ నాకు పంపకు, వాట్సాప్‌లో అసలే వద్దు. నీ నిర్వచనాల పేజీ మాత్రం చదివి వినిపించు, ఎవరిని ఎందుకు లెక్కలోంచి తీసేశావో ఒక్కొక్కటీ అడుగుతాను. ఎనిమిది దాటాక చెయ్యి, ఆ టైమ్‌లో ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, నాకు సరిగ్గా వినపడుతుంది.

ఇట్లు,
మీ పెద్దమ్మ