డీబీ మూత బిగించే ముందు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

మధురవాడలో కడుతున్న ఇంటికి స్మార్ట్ డీబీ (ఇంట్లోకి వచ్చే కరెంటును పంచే పెట్టె, ఫోన్‌తోనూ నడిచేది) పెట్టిస్తున్నావనీ, అది ఇంటర్నెట్‌తో పని లేకుండా ఇంట్లోని నెట్‌వర్కు మీదే నడిచేలా నువ్వే స్వయంగా అమర్చుకుంటున్నావనీ మీ నాన్న నిన్న ఫోన్‌లో చెప్పాడు. ఉద్యోగ జీవితమంతా సబ్‌స్టేషన్లలో గడిపినవాడిని. మన ఇంటి పిల్లవాడు కరెంటు సంగతి ఇంత లోతుగా పట్టించుకుంటున్నాడంటే గర్వంగా ఉంది. కానీ "చిన్న పనే, ఒక ఆదివారంలో అయిపోతుంది" అన్నావట. ఆ మాట నాకు నచ్చలేదు. రాత్రి నిద్ర కూడా పట్టలేదు.

ఇంటర్నెట్ మీద ఆధారపడకూడదనుకోవడం సరైన నిర్ణయమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకిన తరువాత కరెంటుతో పాటు సెల్ టవర్లు కూడా ఎలా మూగబోయాయో నువ్వూ చూశావు. ఇన్వర్టర్ నడుస్తున్నా ఎక్కడో ఉన్న సర్వర్ పలికితే తప్ప దీపం వెలగని ఇల్లు అలాంటి రోజున ఎందుకూ పనికిరాదు. అమెరికాలో ఇన్‌స్టియాన్ అనే కంపెనీ 2022 ఏప్రిల్‌లో చెప్పాపెట్టకుండా సర్వర్లు ఆపేస్తే, కొన్నవాళ్ల ఫోన్లలోని యాప్ పనికిరాకుండా పోయింది. అందుకని ఏ పరికరమైనా కొనే ముందు రౌటర్ నుంచి ఇంటర్నెట్ తీగ పీకించి, పని చేస్తుందో లేదో చూడు. రోజువారీ వాడకానికే కాదు, మొదటిసారి అమర్చేటప్పుడు కూడా అది ఖాతా తెరవమని అడగకూడదు.

తేలిక విషయాలు త్వరగా చెప్పేస్తాను. వైరింగ్ లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించు. ప్రతి పరికరానికీ రౌటర్‌లో మారని ఐపీ అడ్రసు కేటాయించు. ఇంట్లోని పరికరాలన్నిటినీ నడిపే హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్‌ను మెమరీ కార్డు మీద కాక ఎస్‌ఎస్‌డీ మీద నడుపు, అది నడిచే కంప్యూటర్‌కూ రౌటర్‌కూ చిన్న యూపీఎస్ ఇవ్వు. మోడ్‌బస్ పద్ధతిలో లెక్కలు పంపే కరెంటు మీటర్లకు పాస్‌వర్డ్ ఉండదు కాబట్టి ఆ నెట్‌వర్కులోకి అతిథుల ఫోన్లను రానివ్వకు. వైఫైలో ఇంటర్నెట్ లేదని గమనించగానే కొన్ని ఫోన్లు మొబైల్ డేటాకు మారిపోయి, ఇంట్లోని డీబీనే కనిపించడం లేదంటాయి. ఇంటర్నెట్ లేకపోయినా అదే వైఫైలో ఉండమనే ఏర్పాటు మీ అమ్మ ఫోన్‌లో ముందే చేసి పెట్టు. హోమ్ అసిస్టెంట్ నడిపే నీ చిన్న కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పై 4లో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. కరెంటు పోయి వచ్చాక, ఇంటర్నెట్ కూడా లేకపోతే, అది తప్పు టైము పట్టుకుని మోటారును తప్పు వేళకు వేస్తుంది. డీఎస్3231 గడియారం మాడ్యూల్ ఒకటి తగిలించు.

ఇక నిద్ర పట్టని సంగతి. మీ నాన్న కుడి అరచేతిలో మచ్చ ఉంది కదా. తడి చేత్తో స్టార్టరు ముట్టుకున్నానని మీ నాన్న నీకు చెప్పాడు. అది నిజం కాదు నాయనా.

నువ్వు పదో తరగతి చదివే ఏడు, ఊళ్లో వ్యవసాయానికి త్రీఫేజు కరెంటు విడతలుగా, చాలాసార్లు అర్ధరాత్రి దాటాక వచ్చేది. టార్చిలైటు పట్టుకుని పాములు తిరిగే గట్ల మీద మీ నాన్న నడవడం చూడలేక, సిమ్ కార్డుతో పనిచేసే మొబైల్ స్టార్టరు తెచ్చి బోరు దగ్గర నేనే బిగించాను. మెసేజ్ పంపితే మోటారు నడిచేది, మరొకటి పంపితే ఆగేది. ఒకరోజు ఉదయం నేను డ్యూటీలో ఉండి ఆన్ చేయమని మెసేజ్ పంపాను. బదులు రాలేదు. ఊళ్లో టవర్ పనిచేయడం లేదని నాకు తెలియదు. మెసేజ్ పోలేదనుకుని, మీ నాన్నకు ఒక మాటైనా చెప్పకుండా నా పనిలో పడిపోయాను. మోటారు ఎందుకు నడవడం లేదో చూద్దామని మీ నాన్న చేలోకి వెళ్లి, స్టార్టరు డబ్బా తెరిచి, మోటారు వైపు తీగ ఒకటి వదులుగా ఉందని స్క్రూ బిగించబోయాడు. మోటారుకు కరెంటు కలిపే కాంటాక్టర్ స్విచ్ పట్టుకుని లేదు, దీపం వెలగడం లేదు, కాబట్టి అటువైపు కరెంటు లేదనుకున్నాడు. ఆ క్షణానికి నిజంగానే లేదు. మెయిన్ ఫ్యూజులు పీకలేదు. పీకాలని నేను ఎన్నడూ చెప్పలేదు. అంతలో టవర్ తిరిగి పనిచేసింది. గంటన్నర కిందట నేను పంపిన మెసేజ్ అప్పటిదాకా నెట్‌వర్కులోనే నిలిచి ఉండి, దారి దొరకగానే చేరవలసిన చోటికి చేరింది. కాంటాక్టర్ టక్కున పట్టుకుంది.

వెనక్కి పడ్డాడు కాబట్టి బతికాడు. చేతికి కట్టుతో ఆసుపత్రి మంచం మీద పడుకుని, "అన్నయ్యను ఎవరూ ఏమీ అనవద్దు, తడి చేత్తో ముట్టుకున్నానని చెబుదాం" అన్నాడు. మా 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ మీద లోకల్–రిమోట్ స్విచ్ ఉండేది. లోకల్‌కు తిప్పితే కంట్రోల్ రూమ్ నుంచి ఎవరు నొక్కినా ఆ బ్రేకర్ కదలదు. ఆ స్విచ్‌ను ఎన్ని వందలసార్లు తిప్పానో లెక్క లేదు. తమ్ముడి బోరు దగ్గర అలాంటిదొకటి ఉండాలని మాత్రం నాకు తోచలేదు.

ఇంటర్నెట్ తీసేస్తే ఈ ప్రమాదం పోయినట్టేనని నువ్వు అనుకుంటావేమోనని నా భయం. నీ ఇంట్లో పరికరాల మధ్య సందేశాలు చేరవేసే ఎంక్యూటీటీ బ్రోకర్ కూడా ఆ మెసేజ్‌ను నిలిపి ఉంచిన నెట్‌వర్కు లాంటిదే. ఆన్ చేయమనే ఆజ్ఞను రిటెయిన్ (దాచి ఉంచమనే గుర్తు) పెట్టి పంపితే, రిలే (ఆజ్ఞ అందుకుని కరెంటు కలిపే చిన్న స్విచ్) ఆగి మళ్లీ కనెక్ట్ అయిన ప్రతిసారీ బ్రోకర్ ఆ పాత ఆజ్ఞనే దాని చేతికిస్తుంది. స్థితిని తెలిపే సందేశాలకు రిటెయిన్ ఉండవచ్చు, ఆజ్ఞలకు ఉండనే కూడదు. టాస్మోటా సాఫ్ట్‌వేర్‌తో నడిచే రిలేలను మార్చకుండా వదిలేస్తే కరెంటు రాగానే ఆగినప్పటి స్థితికి వెళ్లిపోతాయి. మోటారుకూ గీజరుకూ పవర్‌ఆన్‌స్టేట్ అనే సెట్టింగును 0 చేయి, అప్పుడు ఆఫ్‌లోనే లేస్తాయి. ఈఎస్‌పీహోమ్ సాఫ్ట్‌వేర్ ఉన్న పరికరమైతే, హోమ్ అసిస్టెంట్ 15 నిమిషాలు కనబడకపోతే తనంతట తానే రీబూట్ అవుతుంది. ఆ గడువును సున్నా చేసి తీసేయి. చిన్న రిలేతో మోటారును నేరుగా నడపకు. మోటారు లేచేటప్పుడు లాగే కరెంటుకు దాని కాంటాక్టులు అతుక్కుపోతే, తెర మీద ఆఫ్ అని ఉంటుంది, మోటారు తిరుగుతూనే ఉంటుంది. రిలే, కాంటాక్టర్‌ను పట్టించే కాయిల్‌ను మాత్రమే నడపాలి, ఆగిందో లేదో మీటరు చెప్పాలి. కరెంటు లీకైతే సరఫరా తెంచే 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ పడిపోతే దాన్ని ఫోన్‌తో ఎత్తే ఏర్పాటు ఎంత ముచ్చటగా అనిపించినా పెట్టకు. మనిషి వచ్చి, కారణం చూసి, చేత్తో ఎత్తాలి.

ప్రతి కాంటాక్టర్‌కూ ఆటో–ఆఫ్–మాన్యువల్ సెలెక్టర్ స్విచ్ డీబీ ముఖం మీదే, మీ అమ్మకు అందే ఎత్తులో పెట్టించు. ఆ స్విచ్ కంప్యూటర్‌కు కబురు పంపేది కాకూడదు, కాయిల్ తీగనే తెంపేది కావాలి. మాన్యువల్‌లో ఉంటే నీ రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్ కాలిపోయినా మోటారు నడవాలి. ఆఫ్‌లో ఉంటే ఏ ఆజ్ఞా లోపలికి పోకూడదు. అది ఆఫ్‌లో ఉన్నా సరే, మెయిన్ దించి టెస్ట్ ల్యాంపుతో చూడకుండా డీబీలో చేయి పెట్టకు. ల్యాంపును ముందు కరెంటు ఉన్న చోట వెలిగించి చూడు, తరువాత పని చేసే చోట, ఆ తరువాత మళ్లీ కరెంటు ఉన్న చోట. మూడుసార్లూ చూడాలి. నీకు ఒక్క గీత పడినా నేను తట్టుకోలేను.

వచ్చే నెల మొదటి వారంలో నేనూ మీ నాన్నా వస్తున్నాం. అంతదాకా డీబీ మూత బిగించకు. నా ల్యాంపు తెస్తాను. మోటారు రిలేకు కరెంటు ఆపి, ఆన్ చేయమని ఫోన్ నుంచి ఆజ్ఞ పంపి, గంటన్నర ఆగి రిలేను తిరిగి లేపుదాం. సెలెక్టర్ ఆటోలో ఉన్నా కాంటాక్టర్ కదలకూడదు. అది తేలాక, ఆ సెలెక్టర్‌ను మొదటిసారి మీ నాన్న చేత తిప్పించు.

మీ పెదనాన్న