ఇంజనీరు ఫీజు దండగ కాదు, అమ్మలూ

చి.సౌ. అమ్మలుకి మామయ్య ఆశీస్సులు.

విశాఖ పెదవాల్తేరులో మీరు పాత ఇల్లు చూశారని, ధర 90 లక్షల దగ్గర తెగేలా ఉందని మీ అమ్మ చెప్పింది. మన వైపు ఆడపిల్ల సొంత జీతంతో ఇల్లు కొనడం ఇదే మొదలు. ఆ సంతోషంలో ఉండగానే మీ అమ్మ ఇంకో మాట అంది. ఇల్లు పరీక్ష చేయడానికి స్ట్రక్చరల్ ఇంజనీరు, అంటే స్లాబులు, పిల్లర్ల బలం చూసే ఇంజనీరు, 35,000 అడిగాడని, అంత ఎందుకని మీరు మానేద్దామనుకుంటున్నారని. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే మామయ్యా" అని పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

పాత ఓనర్ల నుంచి వచ్చిన లింకు డాక్యుమెంట్లు, ఇంటి మీద తాకట్లు తెలిపే ఈసీ, ప్లాన్ అప్రూవల్ లాయరుకి చూపించు. ఇంటి పన్ను, కరెంటు బకాయిలు కనుక్కో. ఇవన్నీ నీకు తెలిసినవే.

నీకు సరిగ్గా తెలియనిది పెద్ద మామయ్య ఇంటి సంగతి. నువ్వు అప్పటికి చిన్నపిల్లవి, మేం పిల్లల ముందు ఆ మాటలు ఎత్తేవాళ్ళం కాదు.

అన్నయ్య కొన్నది కూడా వాల్తేరు వైపే, సముద్రపు గాలి నేరుగా తగిలే ఇల్లు. కొనేటప్పటికి కొత్త రంగులు, గోడలకి నున్నటి లప్పం, హాల్లో సీలింగు. చూసినవాళ్ళంతా బాగుందన్నారు. అప్పటికి నేను కాంట్రాక్టర్ల దగ్గర సైట్ సూపర్‌వైజరుగా ఉన్నాను. ఇంత పాత ఇంటికి ఇంత కొత్త లప్పం ఎందుకు పెట్టారో ఒక ఇంజనీరుకి చూపించి తెలుసుకుందాం అన్నాను. "బ్యాంకు ఇంజనీరు చూశాడు, లోను కూడా ఇచ్చారు, ఇంకా ఎవరు చూడాలి?" అన్నాడు. ఆ బ్యాంకు మనిషి వచ్చింది ఇంటి విలువ కట్టడానికి. కొలతలు తీసుకున్నాడు, ఆ వీధిలో గజం రేటు కనుక్కున్నాడు, వెళ్ళిపోయాడు. స్లాబులో ఇనుము ఎలా ఉందో చూడటం అతని పని కాదు, అతను చూడనూ లేదు.

రెండో వానాకాలానికి పడకగది స్లాబు మీద సన్నటి గోధుమరంగు గీత వచ్చింది. స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. తిన్నటి గీత అంటే లోపల ఊచ వెంబడి పగులు. అన్నయ్య మేస్త్రీని పిలిచాడు. అతను చెక్కి, సిమెంటు మెత్తి, సున్నం కొట్టి వెళ్ళాడు. ఏడాది తిరక్కుండా పక్కన ఇంకో గీత. మళ్ళీ మెత్తారు. ఒక మధ్యాహ్నం మీ పెద్దత్తయ్య కుట్టుమిషను దగ్గర నుంచి లేచి తలుపు తీయడానికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి తట్టెడు పెచ్చు మిషను మీద పడి ఉంది. మిషను చక్రం వంగిపోయింది. కుర్చీ నిండా కాంక్రీటు. నేను వెళ్ళి పైకి చూస్తే ఊచలు బయటపడి ఉన్నాయి. సుత్తితో తుప్పు రాలగొడితే 8 ఎంఎం ఊచ అగరుబత్తి పుల్లంత మిగిలింది.

అప్పుడు వచ్చాడు ఇంజనీరు. ఉప్పు గాలి కాంక్రీటులోకి దిగి ఇనుము తుప్పు పడితే, ఆ తుప్పు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు చోటు తీసుకుంటుంది. ఆ ఒత్తిడికే కింది కాంక్రీటు విడిపోతుంది. పైన ఎంత సిమెంటు మెత్తినా లోపల తుప్పు ఆగదు. ఆ గది స్లాబు కొట్టేసి మళ్ళీ వేయాల్సిందేనన్నాడు. వర్షాలు తగ్గేదాకా మిగతా గదుల్లో స్లాబుకి ఆసరాగా సరుగుడు కర్రలు నిలబెట్టి, వాటి మధ్యే వండుకుని పడుకున్నారు. గాజువాక స్థలం అమ్మేశారు. పెద్దత్తయ్య గాజులు కూడా అప్పుడే పోయాయి. అన్నయ్య ఇప్పటికీ ఎవరింటికి వెళ్ళినా కూర్చునే ముందు పైకప్పు వంక చూస్తాడు.

ఇప్పుడు నీ లెక్క చూద్దాం. 90 లక్షలకి స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 7.5 శాతం, అంటే 6,75,000. బ్రోకరుకి ఒక శాతమే అనుకున్నా 90,000. ఇవి ఇవ్వడానికి నువ్వు వెనకాడలేదు. ఇంజనీరుకి 35,000, బిల్లు మీద 18 శాతం జీఎస్టీ వేసినా 41,300. వంద రూపాయల ఇంటికి అర్ధ రూపాయి కూడా కాదు. అందరిలో నీ తల మీద పైకప్పు గురించి ఆలోచించేది అతనొక్కడే తల్లీ. అక్కడా బేరమాడతావు!

అయితే ఆ డబ్బుకి ఏం చేస్తాడో రాయించుకో. తక్కువ చెప్పేవాళ్ళు ఉంటారు. వాళ్ళు ఇల్లంతా ఒకసారి తిరిగి కళ్ళతో చూసి ఒక పేజీ రాసిస్తారు. సముద్రం దగ్గర పాత ఇంటికి అది చాలదు. రీబౌండ్ హ్యామర్ అనే సుత్తిలాంటి పరికరం ఒక్కటే కొట్టి బాగుందన్నా నమ్మకు. అది పైపొర గట్టిదనమే చెబుతుంది, పాత కాంక్రీటు పైపొర గాలికి గట్టిపడి అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది. దానితో పాటు ధ్వని తరంగాలు పంపి లోపలి పగుళ్ళు, డొల్లలు చూసే అల్ట్రాసోనిక్ పరీక్ష, ఊచల తుప్పు తెలిసే హాఫ్ సెల్ పరీక్ష అడుగు. అనుమానం ఉన్నచోట కోర్, అంటే పరీక్షకి గుండ్రటి కాంక్రీటు ముక్క, తీస్తారు, దానికి విడిగా అవుతుంది. ఎన్నిచోట్ల పరీక్షిస్తారు, స్వయంగా వస్తాడా, ఫొటోలతో సంతకం పెట్టిన రిపోర్టు ఇస్తాడా, అడిగి తెలుసుకో. రిపేరు కాంట్రాక్టు కూడా తనకే ఇమ్మనేవాడు వద్దు. ఇంజనీరింగ్ కాలేజీల సివిల్ డిపార్ట్‌మెంట్లు కూడా ఫీజు తీసుకుని ఈ పరీక్షలు చేస్తాయి, అక్కడా కనుక్కో.

పైన ఇంకో అంతస్తు వేసి అమ్మని తెచ్చుకుంటానన్నావట. ఆ మాటకి నాకు కళ్ళు చెమ్మగిల్లాయి, భయమూ వేసింది. ఒక అంతస్తుకే వేసిన పునాది మీద రెండోది ఎక్కిస్తే ఏమవుతుందో సైట్లలో చూశాను. పిల్లరు పక్కన గొయ్యి తవ్వి దాని కింది పునాది దిమ్మ, అంటే ఫుటింగు, సైజు, లోతు చూడాలి. పిల్లర్లలో ఊచలు ఎన్ని ఉన్నాయో కాంక్రీటు లోపలి ఇనుము పట్టే మీటరు పెట్టి చూడాలి. ఈ ముక్క ఇంజనీరుకి ముందే చెప్పు, ఫీజు కాస్త పెరుగుతుంది, పెరగనీ.

చెక్కడానికి, తవ్వడానికి ఓనరు ఒప్పుకోవాలి కాబట్టి పెద్ద అడ్వాన్సు ఇవ్వకముందే అడగండి. రిపోర్టు బాగాలేకపోతే అడ్వాన్సు తిరిగిస్తామని అగ్రిమెంటులో రాయించుకోండి. ససేమిరా అంటే ఆ ఇల్లు వదిలెయ్, ఇంకోటి దొరుకుతుంది. రిపేర్లున్నా తట్టుకునేవైతే ఆ రిపోర్టే పట్టుకుని అల్లుడుగారు ధర తగ్గించమని అడగొచ్చు.

ఇంజనీరు వచ్చే తేదీ ఖాయం కాగానే ఫోన్ చెయ్యి, ఆ రోజు నేనూ వస్తాను. మోకాళ్ళ నొప్పులని నన్ను ఆపొద్దు. ఫీజులో సగం నా పెన్షన్లోంచి పంపుతున్నాను, వద్దనకు. అంతవరకు అమ్మకి ఇంకో అంతస్తు మాట ఇవ్వకు, ఆశపడి కూర్చుంటుంది.

మీ మామయ్య