పరగడుపున రాసిన పీఠిక

ప్రశ్న: మా అమ్మాయి కొన్నేళ్లుగా పియానో నేర్చుకుంటోంది. ఈమధ్య ఆమెకు ఎరిక్ సాటీ అనే ఫ్రెంచి స్వరకర్త రచన ఒకటి సాధన చేయమని ఇచ్చారు. అందులో స్వరాల మధ్య ‘పంటి నొప్పితో ఉన్న నైటింగేల్ పక్షిలాగా’ వంటి మాటలు కనిపించాయి. ఇవి వాయించేవారికి సూచనలా, పాడవలసిన సాహిత్యమా, లేక అచ్చుతప్పులా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అచ్చుతప్పులు కావు, పాడవలసిన సాహిత్యం అంతకన్నా కాదు. మీరు ఉదాహరించిన మాటలు సాటీ 1913లో పియానో కోసం రాసిన ‘ఎండిన పిండాలు’ అనే మూడు చిన్న రచనలలో మొదటిదానిలోనివి. మూడింటికీ మూడు రకాల సముద్రజీవుల పేర్లు పెట్టి, ఒక్కొక్కదాని ముందు జంతుశాస్త్ర పాఠం వంటి పరిచయం రాశాడాయన. మొదటి జీవి హోలోతూరియా. తెలియనివాళ్లు దీన్ని సముద్ర దోసకాయ అంటారనీ, ఇది పిల్లిలాగా గురగుర శబ్దం చేస్తుందనీ, సెయింట్ మాలో అఖాతంలో తాను ఒకదాన్ని పరిశీలించాననీ పాఠ్యపుస్తకం గొంతుతో చెబుతాడు. రెండో రచనలో పోలండ్ స్వరకర్త షోపాన్ రాసిన సుప్రసిద్ధమైన శవయాత్ర సంగీతంలోని ఒక భాగాన్ని కాస్త మార్చి, వినేవారు గుర్తుపట్టేలాగానే వాయించమని ఇచ్చి, అది ఆస్ట్రియా స్వరకర్త షూబర్ట్ రాసిన పేరుపొందిన మజుర్కా (పోలండ్ నృత్య సంగీతం) అని గమనిక చేర్చాడు. షూబర్ట్ అటువంటి మజుర్కా ఏదీ రాయలేదు. (పిండం అన్న మాటకు మనకున్న రెండో అర్థం సాటీకి తెలిసి ఉంటే, శవయాత్ర సంగీతం ఉన్న ఈ రచనకు తెలుగు పేరే ఉంచేసేవాడేమో.)

ఈ అలవాటు ఆయనకు 1913లో కొత్తగా వచ్చినది కాదు. పాశ్చాత్య స్వరలిపిలో వేగమూ భావమూ సూచించడానికి ఇటాలియన్ మాటలు వాడడం శతాబ్దాల నాటి పద్ధతి; నెమ్మదిగా, చురుకుగా, మృదువుగా అని చెప్పే మాటలు ఓ పాతిక తెలిస్తే విద్యార్థికి పని జరిగిపోతుంది. సాటీ ఇరవైల వయసులోనే, 1890 ప్రాంతంలో రాసిన ‘నోసియెన్’ అనే రచనల్లో ఆ మాటల చోట ‘చాలా మెరుస్తూ’, ‘ఆలోచన కొసతో’, ‘నాలుక మీద’, ‘తల తెరవండి’, ‘స్వరాన్ని పూడ్చిపెట్టండి’, ‘బయటికి వెళ్లకండి’ అని ఫ్రెంచిలో రాశాడు. ఆ స్వరలిపిలో కొలతగీతలు కూడా ఉండవు కనుక, తాళం గళ్ల ఆసరా లేకుండా స్వరాలను ఎదుర్కొంటున్న వాద్యకారుడికి ఈ వింత ఆజ్ఞలే మిగులుతాయి. ‘ఆలోచన కొసతో’ అన్నదాన్ని ఎలా వాయించాలో ఎవరూ నేర్పలేరు. అయినా ఆ మాట చదివిన తరువాత వేళ్లు ముందటిలాగా మీట మీద పడవని పియానో వాయించే వారు చాలామంది ఒప్పుకుంటారు. అందుకే వీటిని ఒట్టి కొంటెతనమని కొట్టివేయడం నాకు సమ్మతం కాదు.

అయితే మీ అమ్మాయి కచేరీలో ఆ మాటలను పైకి చదవకుండా చూడండి. కొందరు వాద్యకారులు సభలో ఆ వ్యాఖ్యలను చదివి వినిపిస్తుంటారు. సభ నవ్వుతుంది కూడా. కానీ 1914లో రాసిన మరో రచన ముందు సాటీ ఒక హెచ్చరిక పెట్టాడు. సంగీతం నడుస్తుండగా ఈ పాఠాన్ని పైకి చదవడాన్ని నిషేధిస్తున్నాననీ, ఉల్లంఘించిన అహంకారి తన న్యాయమైన ఆగ్రహానికి గురి అవుతాడనీ, ఎవరికీ ఏ మినహాయింపూ లేదనీ దాని సారాంశం. ‘ఎవరికైనా సరే’ అన్న సంబోధనతో మొదలయ్యే ఆ హెచ్చరికను తెలుగు చేయవలసి వస్తే ‘ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా’ అని మొదలుపెట్టడం తప్ప నాకు మరో దారి తోచదు. అంటే ఆ మాటలు సభ కోసం కాదు, వాయించే ఒక్కరి కోసం; స్వరకర్తకూ వాద్యకారుడికీ మధ్య చెవిలో చెప్పుకున్న సంగతి అది. వినేవారికి దాని ఫలితమే అందాలి.

ప్రశ్న: సాటీ తెల్లని ఆహారం మాత్రమే తినేవాడనీ, భోజనం మూడు నిమిషాల్లో ముగించేవాడనీ, మేధావుల విచిత్ర అలవాట్ల జాబితాల్లో తరచుగా చదువుతున్నాను. అది నిజమేనా? ఆయనకు మతి స్థిమితం లేదని అనుకోవాలా?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఆ జాబితాలు రాసేవారు ఒక హాస్యరచనను వైద్య నివేదికగా చదివారు. ఆ వివరాలకు మూలం సాటీ 1912 నుంచి 1914 వరకు పారిస్‌లోని ఒక సంగీత పత్రికలో విడివిడిగా రాసిన ‘మతిమరపు మనిషి జ్ఞాపకాలు’. పేరులోనే మెలిక ఉంది. జ్ఞాపకం లేనివాడి జ్ఞాపకాలను ఎంతవరకు నమ్మాలో పాఠకుడే తేల్చుకోవాలి. అందులో ‘సంగీతకారుడి దినచర్య’ అనే భాగం ఒక రైల్వే టైమ్‌టేబుల్. ఉదయం 7.18కి నిద్ర లేవడం, 10.23 నుంచి 11.47 వరకు ప్రేరణ పొందడం, 12.11కి భోజనానికి కూర్చుని 12.14కి లేవడం; మధ్యాహ్నం గుర్రపు స్వారీ; తిరిగి 3.12 నుంచి 4.07 వరకు ప్రేరణ. భోజనంలో గుడ్లు, చక్కెర, తురిమిన ఎముకలు, చచ్చిన జంతువుల కొవ్వు, ఉప్పు, కొబ్బరి, తెల్లని నీళ్లలో ఉడికిన కోడి, దూదితో చేసిన సలాడ్ ఉంటాయి. మంచం గుండ్రంగా ఉంటుంది, తల దూర్చడానికి దానికి ఒక రంధ్రం ఉంటుంది. నౌకరు గంటకోసారి జ్వరం చూస్తాడు. నౌకరు మాట ఒక్కటి చాలు ఇది కల్పన అని తెలియడానికి. అప్పటి సాటీ పారిస్ శివారు ఆర్కేలో ఒక్క గదిలో ఉంటూ, కాబరేలలో (పాటలూ వినోదాలూ సాగే మధుశాలల్లో) పియానో వాయించి బతికిన పేదవాడు. ఊళ్లోకి వెళ్లి రావడానికి చాలాసార్లు కాలినడకే గతి.

అదే వరుసలోని ‘నేను ఎవరిని’ అనే భాగం ఇంకా బాగుంటుంది. తాను సంగీతకారుడిని కానని అందరూ అంటారనీ, అది సరైన మాటేననీ మొదలుపెట్టి, తాను నిజానికి శబ్దాలను కొలిచే శాస్త్రవేత్తనని చెప్పుకుంటాడు. తన పరికరం కింద ఒక మధ్యరకం బి ఫ్లాట్ స్వరాన్ని పరీక్షించాడట. అంత అసహ్యమైన వస్తువును ఎన్నడూ చూడలేదట. నౌకరును పిలిచి చూపించాడట. తక్కెడలో ఒక మామూలు ఎఫ్ షార్ప్ 93 కిలోలు తూగిందట. అది బాగా లావైన ఒక గాయకుడి గొంతులోంచి వచ్చినదట. సాటీ మీద అంతకు ముందు నుంచీ ఉన్న విమర్శ, ఆయనకు సంగీతం సరిగా రాదన్నదే. పారిస్ సంగీత కళాశాలలో ఆయనను సోమరి అని తేల్చారు; ఆ మచ్చ మనసులో ఉండే 1905లో, 39 ఏళ్ల వయసులో, స్కోలా కాంటోరుమ్ అనే మరో విద్యాలయంలో చేరి కుర్రవాళ్ల పక్కన కూర్చుని, వేరువేరు స్వరవరుసలను ఒకేసారి అల్లే విద్య అయిన కౌంటర్‌పాయింట్ చదివి, 1908లో పట్టా పుచ్చుకున్నాడు. ‘నేను సంగీతకారుడిని కాను’ అన్న వాక్యం వెనుక ఈ కథ ఉంది. ప్రత్యర్థి మాటను ఒప్పేసుకుని, అది అతడికే పనికిరాకుండా చేయడం సాటీ పద్ధతి.

మతి స్థిమితం సంగతి. సాటీ పుట్టినది 1866లో, నార్మండీలోని ఓన్‌ఫ్లర్ రేవులో. హాస్యరచయిత అల్ఫోన్స్ అలేదీ అదే ఊరు. ఒక గొప్ప చెవిటివాడి అంత్యక్రియలకని ఒక్క స్వరం కూడా లేని ఖాళీ స్వరలిపి పుటను 1897లో అచ్చువేసిన ఘనుడాయన. ఇద్దరికీ పారిస్ మోంమార్త్ర్ కొండ మీది ‘నల్ల పిల్లి’ కాబరేతో సంబంధం ఉంది. ముఖం మీద చిరునవ్వు రానివ్వకుండా, ప్రభుత్వ ప్రకటన చదువుతున్నంత గంభీరంగా అసంగతమైన మాట చెప్పడం అక్కడి వారి విద్య. సాటీ దాన్ని కాగితం మీదికి తెచ్చాడు. 1893లో తన గదినే ప్రధాన పీఠంగా చేసుకుని ‘సంచాలకుడైన ఏసు మహానగర కళా చర్చి’ని స్థాపించి, దానికి తానే అధిపతీ తానే ఏకైక భక్తుడూ అయి, తనకు నచ్చని విమర్శకులను వెలివేస్తూ పాత మతాజ్ఞల శైలిలో కరపత్రాలు అచ్చువేయించాడు. 1917 నాటి ‘ఉద్యోగి సొనాటినా’ అనే చిన్న పియానో రచనలో గుమాస్తా ఒకడు సంతోషంగా ఆఫీసుకు బయలుదేరి, కుర్చీలో కూర్చుని పదోన్నతి గురించి కలలు కంటాడు, పదోన్నతి లేకుండానే జీతం పెరగవచ్చునేమోనని కూడా ఆశపడతాడు. వెనుక పాతకాలపు స్వరకర్త క్లెమెంటీ రాసిన, పియానో నేర్చే పిల్లలు వాయించే సొనాటినా వక్రంగా నడుస్తుంటుంది. టైమ్‌టేబుల్, మతాజ్ఞ, ప్రయోగశాల నివేదిక, ఆఫీసు దినచర్య: సాటీ ఎత్తుకున్న ప్రతి గొంతూ అధికారం మాట్లాడే గొంతే. మతి చలించినవాడికి ఇంత కొలత ఉండదు.

అయితే ఆ హాస్యం ఎప్పుడూ సాధువుగా ఉండేదని కూడా చెప్పలేను. 1917 మే నెలలో పారిస్‌లో ‘పరేడ్’ బాలే ప్రదర్శించినప్పుడు, సంగీతం సాటీది, కథ కవి జాఁ కొక్తోది, రంగాలంకరణ చిత్రకారుడు పికాసోది. వాద్యబృందంలో టైపురైటరు, సైరన్, పిస్తోలు చప్పుళ్లు కూడా ఉన్న ఆ సంగీతాన్ని జాఁ పుయేగ్ అనే విమర్శకుడు తీసిపారేశాడు. సాటీ అతడికి బూతు మాటలతో కార్డులు రాశాడు. మర్యాదగా అనువదిస్తే, ‘అయ్యా, ప్రియమిత్రమా, మీరు ఒట్టి పిర్ర, అదీ సంగీతం రాని పిర్ర’ అని వస్తుంది. కవరులో పెట్టి ఉంటే అది ఇద్దరి మధ్య తగాదాగానే ఉండేది. తెరిచి ఉన్న పోస్టుకార్డు కనుక దారిలో ఎవరైనా చదవవచ్చునని పరువునష్టం దావా నడిచి, ఎనిమిది రోజుల జైలుశిక్ష పడింది. తరువాత ఆ శిక్ష అమలు నిలిపివేశారు. ‘ప్రియమిత్రమా’ అన్న సంబోధనను వదలకపోవడంలో ఆయన శైలి చెక్కుచెదరలేదు గానీ, ఆ కార్డులో నాకు హాస్యం కన్నా కోపమే ఎక్కువ కనిపిస్తుంది.

ప్రశ్న: సాటీ బొమ్మలు కూడా వేసేవాడని విన్నాను. అవి ఎటువంటివి?
— ఒక చిత్రకళా విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: ముందుగా ఆయన చేతిరాతనే బొమ్మగా చూడాలి. 1914లో లూసియెన్ వోగెల్ అనే ప్రచురణకర్త కోసం, షార్ల్ మార్తాఁ చిత్రాలకు తోడుగా సాటీ ‘ఆటలు, వినోదాలు’ అనే సంపుటి రాశాడు. ఎర్రని గీతల మీద నల్లని స్వరాలు, వాటి మధ్య అలంకార లిపిలో చిన్న వచన కవితలు. పుటంతా ఒకే చిత్రంగా కనిపిస్తుంది. గోల్ఫ్ పుటలో కళ్లు చెదిరే ఆకుపచ్చ స్కాచ్ ట్వీడ్ (ఉన్ని గుడ్డ) తొడిగిన కల్నల్ వస్తుంటే మేఘాలు ఆశ్చర్యపోతాయి, బంతి పడవలసిన గుంటలు వణికిపోతాయి. ఆయన గురి చూసి కొట్టగానే కర్ర ముక్కలై ఎగిరిపోతుంది, స్వరాలు కూడా పుట మీద పైకి ఎగురుతూ కనిపిస్తాయి. సంపుటికి పీఠికగా ‘ఆకలి చంపే కోరల్’ (కోరల్ అంటే చర్చి స్తుతిగీతం తరహా రచన) ఒకటి ఉంది. విసుగు గురించి తనకు తెలిసినదంతా అందులో పెట్టాననీ, తనను ఇష్టపడనివారికి దాన్ని అంకితం చేస్తున్నాననీ చెప్పి, కింద ‘1914 మే 15, ఉదయం, పరగడుపున’ అని తేదీ వేశాడు. ఆ వేసవిలోనే యుద్ధం వచ్చి ప్రచురణ ఆగిపోయింది. 1923లో పుస్తకం వెలువడేనాటికి మార్తాఁ తన చిత్రాలను కొత్త పద్ధతిలో తిరిగి వేశాడు కనుక, సాటీ మాటలకూ బొమ్మలకూ పొంతన చాలాచోట్ల తప్పిపోయింది. ఆ పొంతన లేకపోవడం సాటీకి అన్యాయమేమీ కాదని నా అభిప్రాయం.

గీసిన బొమ్మల్లో అందరికీ తెలిసినది ఆయన స్వీయచిత్రం. కళ్లజోడు, గడ్డం, బట్టతల ఉన్న ముఖాన్ని నాలుగు గీతల్లో వేసి, అది తన విగ్రహానికి నమూనా అని చెప్పి, పక్కన ‘చాలా ముసలి కాలంలోకి చాలా చిన్నవాడిగా వచ్చాను’ అని రాసుకున్నాడు.

మిగిలినవి ఆయన పోయాకనే బయటపడ్డాయి. ఆర్కేలో నాలుగు పొగగొట్టాల ఇల్లు అని పిలిచే భవనంలోని గదికి 1898లో మారింది మొదలు, 1925 జులై 1న మరణించేదాకా, 27 ఏళ్లపాటు సాటీ అందులోకి స్నేహితులెవరినీ రానివ్వలేదు. అంత్యక్రియల తరువాత వెళ్లినవారికి ఒకదానిపై ఒకటి పెట్టిన రెండు పియానోలు, ఎన్నో గొడుగులు, విప్పని ఉత్తరాలు కనిపించాయి. వాటితోపాటు చిన్న చిన్న కార్డులు దొరికాయి. వాటి సంఖ్య నాలుగు వేలకు చేరుతుందంటారు. వాటి మీద సన్నని పాళీతో గీసిన కోటలు, మఠాలు, సత్రాలు, లోహపు భవనాలు. కొన్నిటి కింద మధ్యయుగపు అక్షరాలను తలపించే లిపిలో పేర్లు, అద్దెకూ అమ్మకానికీ అన్నట్టు ప్రకటనలు. అటువంటి ప్రకటనలను పేరు చెప్పకుండా స్థానిక పత్రికల్లో కూడా వేయించేవాడు. వాటిని నమ్మి ఎవరైనా ఇల్లు చూడడానికి బయలుదేరారా అన్నది ఎక్కడా చదవలేదు. ఒక్క మనిషికి కూడా తలుపు తీయనివాడు తన వేలాది గదులకు అద్దెవాళ్లను పిలుస్తూ, వరండాలూ గోపురాలూ కొలతతో గీసి పెట్టాడు.