స్టూడియో లేని పెళ్లి ఫోటోలు: మేనల్లుడికి మావయ్య ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

అమలాపురం దగ్గర పెళ్లికి నువ్వొక్కడివే ఫోటోలు తీయడానికి ఒప్పుకున్నావని అక్క చెప్పింది. తంతు సంగతి నాకు బెంగలేదు. తాళి కట్టడం, తలంబ్రాలు వాటంతటవే జరిగిపోతాయి, నువ్వు కాచుకుని ఉంటే చాలు. వాళ్లు గట్టిగా అడిగింది మాత్రం పాత పద్ధతిలో కుదురుగా నిలబెట్టి తీసే ఫోటోలట, గోడకి పెట్టుకోడానికి. స్టూడియో లేదు, పెద్ద లైట్లు లేవని టెన్షన్ పడుతున్నావట. లైట్లు అద్దెకి తేవడానికి కాకినాడ పరిగెత్తకు. ముందురోజే ఆ ఇంటికెళ్లి ఒక్క చోటు ఎంచుకో. ఇంటి పెద్దని అడిగి ఒక ముప్పావుగంట నీ పేరున రాయించుకో. ఈ రెండూ కుదరకపోతే ఎంత ఖరీదైన కెమెరా ఉన్నా దండగే.

వాళ్లది మండువా లోగిలయితే నీ పంట పండినట్టే. అలాగని మండువా మధ్యలో నిలబెట్టకు. వెలుతురు నేరుగా నెత్తిమీద పడి కళ్ల కింద గుంటలు తేలతాయి. వసారా అంచు నుంచి రెండడుగులు లోపలికి జరిపి, మొహాలు మండువా వైపు తిప్పించు. నువ్వు మండువాలోకి దిగి తియ్యి. చూరు పై వెలుతురుని ఆపుతుంది, ఎదుటి నుంచి మెత్తటి వెలుతురు మొహాల మీదికి వస్తుంది, వెనక ఇల్లంతా చీకట్లోకి పోతుంది. తెర కూడా అక్కర్లేదు. డాబా ఇల్లయితే ఉత్తరం వైపు వరండా చూడు. వెనక గోడ మరీ గందరగోళంగా ఉంటే ఇస్త్రీ చేసిన ముదురురంగు దుప్పటి ఒకటి వెదురు గెడకి కట్టించు. దానికీ వాళ్లకీ మధ్య ఐదారడుగుల ఎడం ఉంటే ముడతలు కనబడవు, నీడలూ పడవు.

కొబ్బరితోటలో తీద్దామని ఎవరో ఒకరు అంటారు, చూస్తూ ఉండు. ఆకుల సందుల్లోంచి ఎండ మొహాల మీద మచ్చలు మచ్చలుగా పడుతుంది. నీడపట్టున నిలబెడితే ఆ పచ్చదనమంతా తెల్ల మధుపర్కాలకి అంటుకుంటుంది. షామియానా కింద ఎరుపో పసుపో అంటుకుంటుంది, అది ఇంకా ఘోరం. తప్పనిసరైతే గ్రే కార్డు, అదే రంగులు సరిచూసుకునే బూడిదరంగు అట్ట, పట్టించి తెలుపు తెల్లగానే వచ్చేలా వైట్ బ్యాలెన్స్ చూసుకో. గోదారి గట్టు మీద సాయంత్రం వెలుతురు బాగుంటుంది, నిజమే. కానీ ఆ గాలికి పమిట సర్దేసరికి పొద్దుగూకుతుంది.

ఇక టైము. పెళ్లికి ముందే ఇద్దర్నీ పక్కపక్కన నిలబెడతానని అడక్కు. జీలకర్ర బెల్లం పెట్టేదాకా అడ్డుతెర ఉండాల్సిందేనన్న పట్టింపు ఆ వైపు ఇంకా చాలా ఇళ్లల్లో ఉంది. ముందు విడివిడిగా తియ్యి. జంట ఫోటోలు మర్నాడు పెట్టుకో. రాత్రి ముహూర్తమయితే తెల్లవారుజామున అందరి మొహాలూ పీక్కుపోయి ఉంటాయి. కాస్త కునుకు తీయనిచ్చి, సత్యనారాయణ వ్రతానికి ముస్తాబయ్యాక పీటల మీద కూర్చోకముందే పట్టుకో. వ్రతం మగపెళ్లివారింట్లో అయితే చోటు అక్కడ కూడా చూసుకోవాలి మరి. ఎవరు ఏ పక్కన నిలబడాలో నువ్వు తేల్చకు, పురోహితుణ్ణి అడుగు.

పెళ్లికూతురి ఒంటరి ఫోటోల్లో అద్దం ఫోటో మానకు. పూలజడ వేశాక వెనకాల అద్దం పెట్టి, మొహమూ జడా ఒకే ఫోటోలో వచ్చేలా అప్పట్లో స్టూడియోల్లో తీసేవారు. ఇంట్లోనూ తీయొచ్చు. డ్రెస్సింగ్ టేబుల్ అద్దమో నిలువుటద్దమో తెప్పించి, అమ్మాయిని స్టూలు మీద కూర్చోబెట్టి, అద్దం ఆమె వెనక ఒక పక్కగా పెట్టు. తిన్నగా పెడితే నువ్వూ నీ కెమెరా అందులో ప్రత్యక్షమవుతారు. కొద్దికొద్దిగా వాలుగా తిప్పుతూ పో, నువ్వు తప్పుకుని జడ మిగిలేదాకా. అప్పుడు అందులో ఇంకేం కనబడుతున్నాయో చూడు: ఆరేసిన తువ్వాళ్లు, విడిదివాళ్ల సూట్‌కేసులు, తొంగిచూసే పిల్లలు. ఆ వైపున ఒక దుప్పటి అడ్డం కట్టించు. ఇక్కడ వెలుతురు ఎదుటినుంచి వస్తే మొహం వెలిగి జడ చీకటవుతుంది, అందుకని పక్కనుంచి వచ్చేలా కూర్చోబెట్టాలి. ఇంకో చిక్కు ఫోకస్. అద్దంలో జడ దూరం కెమెరాకి అద్దం దాకా ఒకసారి, అక్కణ్ణుంచి జడ దాకా మరోసారి కలుస్తుంది. అద్దం అమ్మాయికి ఎంత దగ్గరకొస్తే అంత మేలు. మొహమూ జడా రెండూ స్పష్టంగా వచ్చేలా ఎపర్చర్, అంటే లెన్సు లోపలి రంధ్రం, ఎఫ్8కో 11కో తగ్గించి, ఫోకస్ కళ్ల మీద పెట్టి, కెమెరా స్టాండు మీద ఉంచి తియ్యి. జడ వేసిన వెంటనే తీయాలి సుమా, మల్లెలు మధ్యాహ్నం ఉక్కకి ఆగవు.

జంటలో ఎత్తు తేడా బాగా ఉంటే అమ్మాయి కాళ్ల కింద వంటింటి పీట వేయించు, కుచ్చిళ్లు కప్పేస్తాయి. పెళ్లిపీట మాత్రం ముట్టుకోకు, అత్తలు ఊరుకోరు. పెళ్లికొడుకులు చేతులేం చేయాలో తోచక పిడికిళ్లు బిగిస్తారు. కండువా అంచు పట్టుకోమను. కళ్లజోడు మెరుస్తుంటే గడ్డం రవ్వంత దించమను. మధుపర్కాల తెలుపు ఫ్రేమంతా నిండితే కెమెరా లెక్క తప్పి మొహాల్ని నల్లబరుస్తుంది, ఎక్స్‌పోజర్, అంటే ఫోటోలోకి వచ్చే వెలుతురు, ముప్పాతిక స్టాప్ పెంచు. ఏసీ గదిలోంచి బయటికొస్తే లెన్సు చెమర్చేస్తుంది, తీసే అరగంట ముందే బ్యాగు వసారాలో పెట్టించు.

గ్రూపులకి రెండు వైపులా ఒక్కో మేనత్తని పట్టుకో. వాళ్లకి తెలియని చుట్టరికం ఉండదు, పిలిస్తే రానివాళ్లూ ఉండరు. నువ్వే పేర్లు చదివావంటే ఒకాయన పేరు వెనకబడిందని అలుగుతాడు. ముసలమ్మల ఫోటోలు అన్నిటికంటే ముందు తియ్యి, వాళ్లని ఎండలో నిలబెట్టకు. ప్రతి గ్రూపూ నాలుగైదు తీస్తే గానీ అందరి కళ్లూ తెరుచుకున్నది ఒకటి దొరకదు. మధ్యలో "ఆయ్, టిఫిన్ చేసి తీద్దురుగానండి" అని చెయ్యి పట్టి లాగుతారు. నువ్వు ముందే తినేసి ఉండు, లేకపోతే నీ ముప్పావుగంట పెసరట్టు పాలవుతుంది.

తీసేటప్పుడు తలల పైనా పక్కలా ఖాళీ వదులు. కెమెరా ఫ్రేము 12×18కి సరిపోతుంది గానీ, వాళ్లు 12×15 కట్టించుకుంటామంటే మూడంగుళాలు కోతే. ఇంకోటి, ఫ్రేము కట్టేవాడితో అద్దానికీ ఫోటోకీ మధ్య మౌంటు, అదే అంచుల చుట్టూ వచ్చే అట్ట, వేయమని చెప్పు. మన లంక ఊళ్లల్లో వానాకాలం గోడలు చెమ్మ పడతాయి. ఫోటో అద్దానికి అంటుకుందంటే చిరగకుండా ఊడిరాదు.

చోటు చూసొచ్చాక ఫోన్ చెయ్యి.

మీ మావయ్య