పునాదిలో దొరికిన నాణేలను మ్యూజియం ఎందుకు తీసుకోలేదంటే

పరకాల దగ్గర ఇంటి పునాది తవ్వుతుండగా దొరికిన రాగి నాణేల కుండను వరంగల్‌లోనే ప్రదర్శించాలని మీరు దానంగా ఇవ్వబోతే మ్యూజియం వారు తిప్పి పంపారన్నారు. దానికి కారణం బహుశా ఒక్కటే: భూమిలో దొరికిన నిధి గురించి కలెక్టర్‌కు తెలియజేసి, దానిపై నిర్ణయం వెలువడేంత వరకు అది మీ సొత్తు కాదు కనుక, మీరు దానంగా ఇచ్చినా వారు పుచ్చుకోలేరు.

1. కలెక్టర్ పేరిట అర్జీ రాయండి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. సర్పంచ్‌కో పోలీసులకో నోటిమాటగా చెప్పి, పని అయిపోయిందనుకుంటారు. ఏమి దొరికింది, ఎన్ని దొరికాయి, ఏ తేదీన, ఏ సర్వే నంబరులో, ఎంత లోతులో దొరికాయన్నది స్పష్టంగా రాసి, తహసీల్దార్ కార్యాలయంలో కూడా ఒక ప్రతి ఇచ్చి, మీ ప్రతిపై ముద్రతో, తేదీతో రసీదు తప్పక తీసుకోండి.

2. దొరికిన చోటును గుంత పూడ్చకముందే ఫోటోలు తీయండి. జగిత్యాల జిల్లాలోని కోటిలింగాలలో దొరికిన శాతవాహన నాణేలకు అంత విలువ వచ్చింది అవి ఫలానా చోట దొరికాయని తెలిసినందువల్ల కూడా.

3. చింతపండుతోనో నిమ్మరసంతోనో తోమకండి, దయచేసి. పైపొరతోపాటు అక్షరాలూ పోతాయి. కుండ పెంకులను, లోపలి మట్టిని కూడా పారేయకండి.

4. నాణేలను అధికారులకు అప్పగించేటప్పుడు పంచనామాలో లెక్క, బరువు రాయించి, దాని నకలు అడగండి.

5. వరంగల్‌లోనే ప్రదర్శించాలన్న మీ కోరికను అదే అర్జీలో చేర్చండి. నిర్ణయం మాత్రం ప్రభుత్వానిదే.