రీల్ ఇన్ అంటే గాలం వేయడమేనా?

సందేహం: ‘ది కంపెనీ రీల్డ్ ఇన్ న్యూ ఇన్వెస్టర్స్’ అన్న వాక్యానికి ‘కంపెనీ కొత్త ఇన్వెస్టర్లకు గాలం వేసింది’ అని రాశాను. మా డెస్కులో ఒకరు ‘వలలో వేసుకుంది’ అనాలన్నారు. ఏది సరి? ఖర్చులు తగ్గించుకోవడాన్ని కూడా ‘రీల్ ఇన్’ అనొచ్చా?

సమాధానం: రెండూ కుదరవు. మీ వాక్యంలో పని ఇంకా పూర్తికాలేదు. మీ మిత్రుడి వాక్యంలోకి లేని మోసం వచ్చి చేరింది.

రీల్ అంటే గాలపు కర్రకు బిగించిన చిన్న చక్రం. దాని పిడి తిప్పితే దారం చుట్టుకుంటూ చేప దగ్గరికి వస్తుంది. పెద్ద చేప తగిలి గింజుకుంటే కాస్త దారం వదులుతారు, అది అలిసిపోయాక మళ్లీ చుట్టుకుంటారు. అంటే ‘రీల్ ఇన్’ మొదలయ్యేది చేప తగిలాకే. మన చెరువు గట్టు మీద వెదురు కర్ర గాలానికి ఈ చక్రం ఉండదు. బెండు మునగగానే కర్రను ఒక్క విసురున లేపడమే. అందుకేనేమో మనకు గాలం వేయడం, ఎర వేయడం జాతీయాలయ్యాయి కానీ దారం చుట్టడం కాలేదు. గాలం వేశారంటే ప్రయత్నించారనే అర్థం. చేప పడిందో లేదో తెలియదు.

మీ వార్తలో ఇన్వెస్టర్లు వచ్చేశారు. కాబట్టి ‘కొత్త ఇన్వెస్టర్లను రాబట్టుకుంది’ అంటే చాలు. లాటరీ తగిలిందని ఫోన్ చేసి డబ్బు గుంజే ముఠా గురించైతే ‘వలలో వేసుకున్నారు’, ‘బుట్టలో వేసుకున్నారు’ చక్కగా నప్పుతాయి. ఇంగ్లిష్ మాటలో మోసం తప్పనిసరి కాదు. టూర్ డి ఫ్రాన్స్ లాంటి సైకిల్ పందేల్లో ముందుకు దూసుకెళ్లిన ఇద్దరు ముగ్గురిని వెనకున్న గుంపు కొంచెం కొంచెంగా అందుకోవడాన్నీ ‘రీల్ ఇన్’ అనే అంటారు. అక్కడ ‘వలలో వేసుకున్నారు’ అంటే నవ్వుతారు!

ఇక ఖర్చుల సంగతి. అక్కడ ఉండాల్సింది ‘రెయిన్ ఇన్’. రెయిన్ అంటే గుర్రపు పగ్గం. ఉచ్చారణ దగ్గరగా ఉండటంతో ఇంగ్లిష్ వాళ్లే ఈ రెండింటినీ కలగాపులగం చేస్తున్నారు. మీకు ‘రీల్ ఇన్ స్పెండింగ్’ కనిపిస్తే ఆశ్చర్యపోకండి. తెలుగులో మాత్రం తికమక లేదు: ‘ఖర్చులకు కళ్లెం వేసింది’ అని రాయండి.